గడ్డి గోడ నిలిచింది

పంట కోశాక పొలంలో మిగిలిన చెత్తతో కట్టిన ఒక చిన్న గది కథ ఇది. గది లేచింది సంగారెడ్డి జిల్లా కందిలో. అది లేవనెత్తిన ప్రశ్న మాత్రం అలిపిరి కింద ఎండకు కాగి, వానకు నానే మన తిరుపతి ఇళ్లన్నిటిదీ.

2021 సెప్టెంబరు 2. కందిలోని హైదరాబాదు ఐఐటీ ఆవరణ. పెద్ద పెద్ద భవనాలున్న ఆ చోట, ఒక కాపలా గదిని ప్రారంభించడానికి సంస్థ డైరెక్టర్ ఆచార్య బి.ఎస్. మూర్తి వచ్చారు. ఇనుప చట్రం, చుట్టూ సిమెంటు పూసిన గోడలు, పైన కప్పు. ఏ ఫ్యాక్టరీ గేటు దగ్గరైనా ఇలాంటి గది ఒకటి ఉంటుంది. ముందు నుంచి వెళ్లేవాడు రెండోసారి తిరిగి చూడడు.

చూడవలసింది పూత వెనకాల ఉంది. ఆ గోడల్లో బట్టీలో కాలిన ఇటుక ఒక్కటీ లేదు. పంట వ్యర్థాలను తరిగి, సున్నంతో కలిపి, అచ్చులో దిమ్మిసతో కొట్టి, నీడన ఆరబెట్టిన దిమ్మెలున్నాయి. వాటికి వాళ్లు పెట్టుకున్న పేరు బయో ఇటుక. ఈ రకం ఇటుకలతో దేశంలో లేచిన తొలి కట్టడం ఇదేనని ఐఐటీ ఆ రోజు ప్రకటించింది.

రెండు పొగలు

ఆ గోడ వెనక ఇద్దరున్నారు. హైదరాబాదు ఐఐటీ డిజైన్ విభాగంలో అప్పట్లో పరిశోధన చేస్తుండిన ప్రియబ్రత రౌత్రాయ్ ఒకరు. భువనేశ్వర్‌లోని కిట్ విశ్వవిద్యాలయంలో అప్పట్లో వాస్తుశిల్పం బోధించిన అవిక్ రాయ్ మరొకరు. ఐఐటీలో ఆచార్య దీపక్ జాన్ మాథ్యూ, ఆస్ట్రేలియాలోని స్విన్‌బర్న్ విశ్వవిద్యాలయం నుంచి బోరిస్ ఐసెన్‌బార్ట్ వాళ్లతో కలిసి పనిచేశారు.

వాళ్ల ముందున్నవి రెండు పొగలు. మొదటిది పొలంలోది. మన దేశంలో ఏటా 50 కోట్ల టన్నులకు పైగా పంట వ్యర్థాలు వస్తాయి. కొంత పశువుల మేతకు పోతుంది, కొంత పొయ్యిలోకి పోతుంది, మిగిలిన దాంట్లో చాలా భాగం చేలోనే కాలిపోతుంది. కోత మిషన్లు వచ్చాక ఈ కాల్చడం ఇంకా ఎక్కువైంది. మనిషి కొడవలితో కోస్తే గడ్డి మోపులుగా ఇంటికొచ్చేది. మిషన్ కోస్తే మొదళ్లు నిలబడి ఉంటాయి, గడ్డి చెల్లాచెదరుగా పడుతుంది. దాన్ని ఏరించే కూలి గిట్టదు. తర్వాతి పంటకు దుక్కి దున్నాలి. రైతు అగ్గిపుల్ల గీస్తాడు.

రెండో పొగ ఇటుక బట్టీది. ఊరి పక్క మంచి పొలం మన్ను తవ్వి, బొగ్గో కట్టెలో వేసి రోజుల తరబడి కాలిస్తేగాని ఎర్ర ఇటుక తయారు కాదు. చేలో పనికొచ్చే వస్తువు పనికిరాదని కాలిపోతోంది. చేనికి ప్రాణమైన మన్ను ఇటుక కోసం కాలిపోతోంది. మొదటి మంటను ఆర్పి, ఆ వస్తువుతోనే రెండో మంట అవసరం లేకుండా చేయవచ్చా? ఈ గది కథకు మూలం ఆ ఆలోచనే.

పిప్పితో మొదలు

గోడకు ఏది పనికొస్తుందో చూడటానికి వరిగడ్డి, గోధుమ గడ్డి, పత్తి కట్టె, చెరకు పిప్పి అన్నీ ముందు పెట్టుకున్నారు. తొలి నమూనాకు ఎంచుకున్నది ఎండిన చెరకు పిప్పి.

చిత్తూరు సీమవాళ్లకు ఈ మాట వింటే ముక్కుకు బెల్లం వాసన తగులుతుంది. గానుగాడిన చెరకు పిప్పిని ఎండబెట్టి, పాకం కాగే పొయ్యిలోకి తోయడం ఇక్కడి పల్లెల్లో చూస్తూ పెరిగినవాళ్లే అందరూ. మంటకు తప్ప మరి దేనికీ కొరగాదనుకున్న ఆ పిప్పే కందిలో గోడ కావడానికి సిద్ధమైంది.

పని వరుస ఇది. పిప్పిని గాని గడ్డిని గాని సన్నగా తరగాలి. నీళ్లలో నానబెట్టాలి. సున్నం ప్రధానంగా ఉన్న బంకను కలిపి ముద్ద చేయాలి. చేత్తో కలపొచ్చు, మిక్సరైనా వాడొచ్చు. ఆ ముద్దను అచ్చులో పోసి కొయ్య దిమ్మెతో గట్టిగా అదమాలి. ఒకటి రెండు రోజులాగి అచ్చు పక్కలు విప్పాలి. అక్కణ్నుంచి 15 నుంచి 20 రోజులు గాలికి ఆరనివ్వాలి. పూర్తి బలానికి రావడానికి దాదాపు నెల పడుతుంది. ఇందులో బట్టీ లేదు, మంట లేదు.

పని చేసేది సున్నమే. గాలిలోని బొగ్గుపులుసు వాయువును నెమ్మదిగా పీల్చుకుని గట్టిపడటం దాని గుణం. మనవాళ్లకిది కొత్త విద్య కాదు. అలిపిరికి ఎంతో దూరం లేని చంద్రగిరి కోటలో రాజమహల్ కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతోనే లేచింది, ఇవాళ్టికీ నిలిచే ఉంది. గానుగ సున్నం నూరిన చేతులు మన ఊళ్లలో నిన్నమొన్నటి దాకా ఉన్నాయి.

ఆరిన దిమ్మెను తూచారు. అదే కొలత ఉన్న కాల్చిన ఇటుకలో ఎనిమిదో వంతు, కాంక్రీటు దిమ్మెలో పదో వంతు బరువు తేలింది. పెద్ద ఎత్తున తయారుచేస్తే ఒక్కోటీ రెండు మూడు రూపాయల్లో వస్తుందని వాళ్ల అంచనా. 2019లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో జరిగిన అంతర్జాతీయ ఇంజనీరింగ్ డిజైన్ సదస్సు ముందు ఈ పని పెట్టారు. అదే ఏడు హైదరాబాదులోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ జరిపిన గ్రామీణ ఆవిష్కర్తల సమావేశంలో ప్రత్యేక గుర్తింపు దక్కింది. 2021లో పేటెంటు వచ్చింది.

ఇంతవరకూ అంతా గెలుపే. కానీ ఈ ఇటుకకు ఒక బలహీనత ఉంది, దాన్ని వాళ్లు దాచలేదు. కాల్చిన ఇటుకలా ఇది బరువు మోయలేదు. దీని మీద స్లాబు వేస్తే నలిగిపోతుంది. అందుకే కంది గదిలో బరువంతా ఇనుప చట్రం మోస్తుంది. గోడ చేసే పని ఎండను ఆపడం. వాన దిగకుండా సిమెంటు పూత పూశారు. కప్పుగా వేసిన పీవీసీ రేకుల మీద కూడా ఇవే ఇటుకలు పరిచారు, వేడి కిందికి దిగకుండా.

ఈ చివరి సంగతి చిన్నదిగా కనిపిస్తుంది. తిరుపతిలో ఇల్లున్నవాళ్లకు మాత్రం అసలు సంగతి అదే.

"ఆవు తినేసిపోదా సామీ?"

అలిపిరి దగ్గర పని దొరక్క కూర్చున్న ఒక మేస్త్రీకి ఈ గది సంగతి చెప్పాను. పెద్దాయన, గడ్డం నెరిసింది. చివరిదాకా విని, ఒక్క ప్రశ్న వేశాడు.

"గడ్డితో గోడనా? ఆవు తినేసిపోదా సామీ?"

"పైన పూత ఉంటుందన్నా. గడ్డి బయటికి కనపడదు."

"పూత ఎన్నాళ్లుంటాది? పెచ్చు లేస్తే? మా నాయిన కాలంలో బోద కొట్టమే ఉన్నింది మాకు. ఏడాదికొకసారి పైకెక్కి చూసుకునేటోళ్లం. చూసుకోకుంటే ఏ ఇల్లూ నిలబడదు."

మేస్త్రీ అనుమానం వట్టిది కాదు. చరిత్రలో అచ్చం అలాగే జరిగింది.

అమెరికాలోని నెబ్రాస్కా ఇసుక కొండల ప్రాంతం. పందొమ్మిదో శతాబ్ది చివరి రోజులు. వలస వచ్చిన కుటుంబాలకు భూమి దొరికింది గాని ఇల్లు కట్టుకోవడానికి చెట్టు లేదు. గడ్డి పెళ్లలు కోసి గోడ పేరుద్దామంటే ఇసుక నేల, విడిపోతుంది. చేతిలో ఉన్నది ఒక్కటే: గడ్డిని పలకలుగా బిగించి కట్టే కొత్త యంత్రం. వాళ్లు ఆ కట్టలనే ఇటుకల్లా పేర్చారు. అలా కట్టిన వాటిలో బేయార్డ్ దగ్గరి ఒక బడి మొట్టమొదటిదిగా చరిత్రకెక్కింది. దానికి పూత పూయలేదు, చుట్టూ కంచె వేయలేదు. 1902 నాటికి ఆ బడిని ఆవులు తినేశాయని అక్కడి చరిత్ర చెబుతుంది.

ఆ దెబ్బతో వాళ్లు మానుకోలేదు, గోడకు పూత వేయడం నేర్చుకున్నారు. 1928లో అదే రాష్ట్రంలోని ఆర్థర్ అనే ఊళ్లో గడ్డి కట్టలతో ఒక చర్చి కట్టి, పూత పూశారు. అది ఇప్పటికీ ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక ఇళ్లు కూలి, ఇటుకకు కరువొచ్చిన ఫ్రాన్స్‌లో ఫ్యూయెట్ అనే ఇంజనీరు 1920లో మాంటార్జీ పట్టణంలో చెక్క చట్రం నిలబెట్టి, మధ్యన గడ్డి కట్టలు నింపి ఇల్లు కట్టాడు. నూరేళ్లు దాటిన ఆ ఇంటిని 2013లో ఫ్రాన్స్ గడ్డి నిర్మాణ కేంద్రం కొనుక్కుంది. బరువు చట్రానిది, చలువ గడ్డిది అనే కంది సూత్రం అక్కడ వందేళ్ల కిందటే పనిచేసింది.

నిప్పు, భూకంపం

మేస్త్రీ అడగనిది, ఎవరైనా అడిగేది ఇంకొకటుంది. నిప్పంటుకుంటే?

విడి గడ్డికి అగ్గిపుల్ల చాలు. బిగించి కట్టిన గడ్డి తీరు వేరు. మంటకు గాలి కావాలి. ఒత్తిడికి దగ్గరైన గడ్డిపోచల మధ్య మంట బతికేంత గాలి ఆడదు, పైన మందమైన పూత ఉంటే అసలే ఆడదు. 2006లో అమెరికాలో ఇలాంటి గోడలను కొలిమిలాంటి మంట ముందు నిలబెట్టి పరీక్షించారు. మట్టి పూత పూసిన గోడకు గంట, సిమెంటు పూత పూసిన గోడకు రెండు గంటల పాటు మంటను ఆపగలదన్న గుర్తింపు దక్కింది. భయపడవలసిన సమయం ఇల్లు కట్టేటప్పుడు, పూత పడకముందు, చుట్టూ విడి గడ్డి రాలి ఉన్నప్పుడు. ఆ రోజుల్లో అక్కడ బీడీ వెలగకూడదు, వెల్డింగు జరగకూడదు.

ఇక భూకంపం. 2005 అక్టోబరులో కశ్మీరాన్ని కుదిపిన భూకంపంలో రాతి గోడలు, కాంక్రీటు కప్పులు మీద పడి వేలాది మంది చనిపోయారు. డార్సీ డోనోవన్ అనే అమెరికన్ ఇంజనీరు ఆ తర్వాత పాకిస్తాన్ వెళ్లారు. గడ్డి కట్టే పెద్ద యంత్రాలు అక్కడ లేవు. అచ్చు పెట్టెలో గడ్డి వేసి, చేతి జాకీతో అదిమి, చిన్న కట్టలు చేయించారు. ఆ పద్ధతి నిలుస్తుందో లేదో తేల్చుకోవడానికి 2009లో నెవాడా విశ్వవిద్యాలయంలో 14 అడుగుల పొడవు, అంతే వెడల్పు ఉన్న ఇంటిని కంపించే బల్ల మీద కట్టారు. మట్టి పూత లోపల చేపల వల పరిచారు. ఒకదాన్ని మించి ఒకటిగా ఏడు కుదుపులు. చివరిది అమెరికాలో 1994లో వచ్చిన నార్త్‌రిడ్జ్ భూకంపం కన్నా బలమైనది. ఇల్లు ఊగింది, మూలల్లో చీలింది, దుమ్ము లేచింది. కూలలేదు.

బరువు తక్కువ కాబట్టి కుదుపు దెబ్బ తక్కువ. గడ్డికి వంగి మళ్లీ లేచే గుణం ఉంది కాబట్టి పెళుసుగా విరగదు. మనిషి మీద పడినా రాయి, కాంక్రీటు పడినంత ప్రమాదం ఉండదు.

అలిపిరి ఎండ

వేసవి మధ్యాహ్నం అలిపిరి పాదాల మండపం దగ్గర నిలబడితే, వట్టి కాళ్లతో కొండెక్కే భక్తుల బాధ తెలుస్తుంది. తిరుమల మాడవీధుల్లో దేవస్థానం తెల్లటి చలవ రంగు పూయిస్తుంది, నీళ్లు చల్లిస్తుంది, కొబ్బరి పీచు పట్టాలు పరుస్తుంది. రాతి మీద పెట్టలేని కాలు పీచు పట్టా మీద పెట్టగలం. పీచు మధ్య చిక్కుకున్న గాలి రాతి వేడిని పైకి రానివ్వదు.

గడ్డి గోడ చేసేదీ అదే. గడ్డిపోచ బోలుగా ఉంటుంది. పోచలో గాలి, పోచకూ పోచకూ మధ్య గాలి. కదలకుండా నిలిచిన గాలిని మించి వేడిని ఆపే చవకైన వస్తువు లేదు. కాంక్రీటు దీనికన్నా ఇరవై రెట్లకు పైగా సులువుగా వేడిని లోపలికి పంపుతుంది. మామూలు గడ్డి కట్ట గోడ మందం 18 అంగుళాలు. పగటి ఎండ అంత మందం దాటుకుని లోపలికి వచ్చేసరికి పొద్దు గుంకుతుంది. లోపల ఏసీ పెట్టుకున్నా అది తక్కువసేపు తిరుగుతుంది, కరెంటు బిల్లు తగ్గుతుంది. ఇలాంటి ఇళ్లలో ఉండేవాళ్లు చలువతో పాటు చెప్పే మరో సుఖం నిశ్శబ్దం. రోడ్డు మోత లోపలికి రాదు. కిటికీ గూడు ఎంత లోతుగా ఉంటుందంటే అందులో కూర్చుని చదువుకోవచ్చు.

కానీ తిరుపతి ఎండ గోడల నుంచి కన్నా పైనుంచి ఎక్కువ దిగుతుంది. సూర్యుడు నడినెత్తికి వచ్చే సీమ ఇది. పగలంతా కాగిన స్లాబు రాత్రి పది దాటినా కిందికి వేడి వదులుతూనే ఉంటుంది. గోడలు ఎంత మందంగా కట్టినా కప్పును వదిలేస్తే దండగే. కంది గదిలో కప్పు మీద కూడా బయో ఇటుక పరచడం అందుకే మనకు పెద్ద పాఠం. మన పూర్వులు బోద కప్పినా, మిద్దె మీద చౌడు మన్ను పరిచినా పట్టుకున్న సూత్రం అదే. ఎండను తల మీదే ఆపాలి.

నవంబరు 18

కంది గది ప్రారంభమై రెండున్నర నెలలైంది. 2021 నవంబరు 18.

బంగాళాఖాతంలో వాయుగుండం. శేషాచలం మీద ఆకాశం చిల్లు పడినట్టు వాన. అలిపిరి మెట్ల మీద నుంచి నీళ్లు జలపాతంలా దూకాయి. కపిలతీర్థం ఎన్నడూ చూడనంత ఉద్ధృతంగా పొంగింది. శ్రీవారి మెట్టు దారి కొట్టుకుపోయి, మళ్లీ తెరుచుకోవడానికి మరుసటి ఏడు మే దాకా పట్టింది. తిరుపతి వీధుల్లో మోకాలి లోతు, నడుం లోతు నీళ్లు. స్వర్ణముఖి ఒడ్డున తిరుచానూరు దగ్గర కాంక్రీటు ఇల్లు ఏట్లోకి ఒరిగిపోయింది. రాయలచెరువు కట్ట తెగుతుందన్న భయంతో కింది పల్లెలను ఖాళీ చేయించారు.

గడ్డి ఇంటిని ప్రేమించేవాళ్లంతా ఆ రోజును గుర్తుపెట్టుకోవాలి. ఆవును కంచె ఆపుతుంది, నిప్పును పూత ఆపుతుంది, భూకంపాన్ని గడ్డి తానే తట్టుకుంటుంది. దానికి నిజమైన శత్రువు నీరు. గడ్డిలో తేమ నూటికి 20 పాళ్లు దాటి అలాగే ఉండిపోతే బూజు పడుతుంది, కుళ్లుతుంది. వరిగడ్డిలో సిలికా ఎక్కువ కాబట్టి మిగతా గడ్డి కన్నా కాస్త ఎక్కువ ఓర్చుకుంటుంది, అంతే.

అందుకే తిరుపతిలో గడ్డి ఇల్లు కట్టేవాడు ముందు చోటు చూసుకోవాలి. వంక దారిలో, చెరువు కింద, ఏటి ఒడ్డున కట్టకూడదు. అక్కడ కాంక్రీటే నిలవలేదు. రాతి పునాది నేల నుంచి కనీసం రెండు అడుగులు లేవాలి. పునాదికీ గడ్డికీ మధ్య తేమ, చెదలు ఎక్కకుండా అడ్డుపొర ఉండాలి. కప్పు చూరు గోడకు ముందుకు బాగా చాచి ఉండాలి, ఈశాన్య వాన ఏటవాలుగా కొడుతుంది కాబట్టి. కట్టల గోడకు సిమెంటు కన్నా సున్నం పూత మేలు. సున్నం ఊపిరాడనిస్తుంది, లోపల చేరిన కాస్త తేమ బయటికి పోతుంది. స్నానాల గది, వంటింటి తొట్టి గోడలను ఇటుకతోనో రాతితోనో కట్టి, గొట్టాలను గడ్డి గోడలోంచి పోనివ్వకూడదు.

ముందు పశువుకు

ఇంకొక న్యాయమైన ప్రశ్న మిగిలింది. ఎవరి గడ్డి అది?

పలమనేరు, మదనపల్లె, పుంగనూరు వైపు పాడి మీద బతికే కుటుంబాలకు వరిగడ్డి వ్యర్థం కాదు, బంగారం. కరువు ఏడాదుల్లో మోపు గడ్డి దొరక్క రైతు ఆవులను అమ్ముకున్న సీమ ఇది. అక్కడ ఆవు నోటి ముందు గడ్డి తీసి గోడలో పెడతానంటే నేను ఒప్పుకోను. పశువు తినగా మిగిలిందే గోడకు రావాలి. వానకు నాని, రంగు మారి మేతకు పనికిరాని గడ్డి కూడా గోడకు వద్దు, అది అప్పటికే కుళ్లడం మొదలుపెట్టి ఉంటుంది. గడ్డి మిగులుగా ఉండి, చేలో కాలిపోయే చోట నుంచి తేవాలి. లేదా ఆవు తినని వస్తువు వెతకాలి. పత్తి కట్టె, వేరుశనగ పొట్టు, మూతపడిన గాజులమండ్యం చక్కెర ఫ్యాక్టరీలో ఒకప్పుడు గుట్టలు పడ్డ చెరకు పిప్పి లాంటివి. కంది ఇటుకకు గడ్డే కావాలన్న పట్టు లేదు. అది మనకు అనుకూలమైన సంగతి.

ఇటుక కాకుండా గడ్డి కట్టలతోనే గోడ కట్టాలనుకునేవాళ్లు ఇంకొకటి గమనించాలి. మన పొలాల్లో ట్రాక్టరు వెనక తిరిగే చిన్న బేలర్లు చాలావరకు గుండ్రటి చుట్టలు చుడతాయి. అవి మేతకు బాగుంటాయి, గోడగా పేర్చితే దొర్లుతాయి. గోడకు పలక కట్టే కావాలి. పలక కట్టే బేలరు దొరక్కపోతే, పాకిస్తాన్ కొండల్లో వాడిన అచ్చు పెట్టె, జాకీ మన వడ్రంగి ఒక్కరోజులో చేసిస్తాడు.

మన వానల లెక్క కూడా కలిసొస్తుంది. రబీ వరి కోతలు ఏప్రిల్ నాటికి ముగుస్తాయి. ఆ ఎండల్లో గడ్డి పెళపెళలాడేలా ఎండుతుంది. పునాది, చట్రం, కప్పు ముందే సిద్ధం చేసుకుని, కప్పు కింద నీడలో మే, జూన్ నెలల్లో గోడ పేర్చాలి. సెప్టెంబరు లోపల మూడు చేతుల పూత ముగించాలి. అక్టోబరులో ఈశాన్య వాన దిగేనాటికి గోడ మీద ఒక్క పగులూ ఉండకూడదు. ఆ తర్వాత ప్రతి ఏడూ వానలకు ముందు ఒకసారి చుట్టూ తిరిగి చూడాలి. మేస్త్రీ చెప్పింది అదే కదా: చూసుకోకుంటే ఏ ఇల్లూ నిలబడదు.

పెద్ద ఇంటితో మొదలు పెట్టమని నేను అనను. కందిలో వాళ్లు కాపలా గదితోనే మొదలుపెట్టారు. తిరుపతి చుట్టూ ఎన్ని కాలేజీలు, ఎన్ని ఆఫీసులు, ఎన్ని గేట్లు లేవు! ప్రతి గేటు దగ్గరా రేకుల కింద ఉడికిపోతూ ఒక కాపలా మనిషి కూర్చున్నాడు. మొదటి గడ్డి గోడ అతనికి కడదాం. ఒక వేసవి, ఒక నవంబరు వాన గడిచాక ఆ గోడను తెరిచి, లోపలి గడ్డి పొడిగా ఉందో లేదో చేత్తో పట్టి చూద్దాం. పొడిగా ఉంటే, రెండో గోడ ఎక్కడ కట్టాలో ఎవరూ చెప్పక్కర్లేదు. ఈ ఊళ్లో వేడికి నిద్రపట్టని ప్రతి ఇల్లూ తానే అడుగుతుంది.